కొయ్యనన్న డాక్టరమ్మ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పే ఓపిక లేదు. ఇది ఇస్త్రీ కొట్టు అక్క సంగతి, ఆమె తమ్ముడి సంగతి.

తమ్ముడు బస్సులకు రంగులేసేవాడు. ఎప్పుడో వచ్చిన కామెర్లు పైకి తగ్గినట్టే తగ్గి, లోలోపల కాలేయాన్ని గట్టిపరిచేశాయి. ఇప్పుడు అందులో కేన్సర్ గడ్డ పుట్టింది. కోయడంలో అంతటి చెయ్యి ఇంకొకటి లేదని పేరున్న డాక్టరమ్మ దగ్గరికి అక్క అతన్ని లాక్కుపోయింది. ఆమె కోస్తే తమ్ముడు బతికినట్టేనని నమ్మకం.

డాక్టరమ్మ అతని కనురెప్ప కిందికి లాగి చూసింది. ఉబ్బిన పొట్టను వేళ్ళతో తట్టింది. స్కానింగు ఫిల్ము వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

“నేను కొయ్యను,” అంది.

“కత్తి పట్టినవాళ్ళే కొయ్యనంటే ఇంకెవరి దగ్గరికి పోవాలమ్మా?” అక్క నిలదీసింది.

“కొయ్యడం ఎంతసేపు? తర్వాత మనిషి లేవాలి కదా. గడ్డ చిన్నదే. కానీ చుట్టూ ఉన్న లివరే బాగా పాడైంది. ముక్క తీసేస్తే మిగిలింది ఒళ్ళు మొయ్యలేదు.”

“గడ్డను సూదితో కాల్చేస్తారంటగా?”

“కాల్చొచ్చు. ఈ గడ్డ పోతుంది, దాన్ని పుట్టించిన లివర్ అలాగే ఉంటుంది. పొట్టలో నీరూ అలాగే ఉంటుంది. గడ్డ బయటికి పాకలేదు కాబట్టి ఇతనికి లివర్ మార్చడమే మంచిది. ఇంట్లోవాళ్ళెవరైనా కొంత ఇస్తే చాలు. ఇచ్చినవాళ్ళకి మళ్ళీ పెరుగుతుంది.”

“నాది తీసుకోండి.”

“వద్దక్కా,” అన్నాడు తమ్ముడు, తల దించుకుని.

“చిన్నప్పుడు నా పలక అడక్కుండా తీసుకున్నావు. ఇప్పుడు ఇస్తానంటే బెట్టు చేస్తావా?”

“పలక తిరిగిచ్చాగా.”

“రెండు ముక్కలు చేసిచ్చావు.”

అక్క లివర్ సరిపడుతుందని పరీక్షల్లో తేలింది. అప్పుడు డాక్టరమ్మ తమ్ముణ్ణి బయట కూర్చోబెట్టి, తలుపు మూసి, అక్క పక్కకు కుర్చీ లాక్కుంది.

“ఇందులో మీ ప్రాణానికీ ప్రమాదం ఉంది. కొంచెమే, కానీ ఉంది. మనసొప్పకపోతే ఇప్పుడే చెప్పండి. మీది సరిపడదని మాత్రమే బయట చెప్తాను. అసలు సంగతి ఈ గది దాటదు.”

అక్క డాక్టరమ్మ ముఖంలోకి చూసింది. జబ్బు తమ్ముడిది. అయినా ఈవిడ తన మంచీ చెడ్డా అడుగుతోంది.

“భయంగానే ఉందమ్మా,” అంది చివరికి. “అయినా ఇస్తాను. ఇలా అడిగారు చూడండి, అందుకే మీ చేతికిస్తాను.”

కొయ్యనన్న ఆ చెయ్యే ఇద్దర్నీ కోసింది, ఇద్దర్నీ లేపింది. తమ్ముడు కళ్ళు తెరవగానే నర్సును అక్క గురించే అడిగాడు.

“పక్క గదిలో ఉంది. ఈసారి పలక విరగ్గొట్టొద్దని చెప్పమంది,” అంది నర్సు.

ఈ కథ మరిచిపోకండి. మీరు ఎవరికైనా చెప్పేటప్పుడు ఆపరేషన్ సంగతి కాస్త తగ్గించినా ఫర్వాలేదు, డాక్టరమ్మ తలుపు మూసిన సంగతి మాత్రం వదలకుండా చెప్పండి.