గ్లాసు ఎక్కడ పెట్టాలి

“డ్రైవరు వస్తున్నాడు. టీ తెచ్చినప్పుడు గ్లాసు ఆ పట్టా కింది ఇరుసు మీదే పెట్టు,” అన్నాడు భర్త, కాళ్లకు చెప్పులు తొడుక్కుంటూ.

ఆమె ఆయన చొక్కా ఉతుకుతోంది. సరేనని తలూపింది. ఆయన వెళ్లాక చేతిలో సబ్బు పక్కన పెట్టింది.

గ్లాసు ఎక్కడ పెట్టాలో ఆయన ఏనాడూ చెప్పలేదు. చెప్పేది తను.

పాత లారీల సామాను కొని అమ్మే యార్డు వాళ్లది. వంటింటి వెనక తలుపు తీస్తే యార్డే. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఇరుసులకు పట్టిన మడ్డి వదిలించే పని ఆమె మీద పడింది. అంట్లు తోమే చెయ్యేగా, అవీ తోముతుందిలే అంది అత్తగారు. తోమగా తోమగా ఏ ఇరుసు ఎంతకు పలుకుతుందో ఆమెకు పట్టుబడింది. అడుగు బిరడా విప్పి, కారిన నూనెను వేళ్ల మధ్య రుద్దేది. నల్లగా ఉంటే వయసు, అంతే. తళుకులు తగిలితే లోపల గేరు పళ్లు అరుగుతున్నట్టు, అక్కడే ధర సగం పడిపోతుంది. చక్రం ఎక్కే మెడ దగ్గర కిరోసిన్ పూసి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి అద్దేది. కంటికి కనబడని పగులుంటే తాగిన కిరోసిన్ కాసేపటికి కక్కేస్తుంది. తెల్లటి పొడి మీద సన్నటి తడిగీత తేలుతుంది. అది తేలిందా, ఇక ఆ ఇరుసు తుక్కు కిందే లెక్క.

తెలిసినా బేరంలో నోరు తెరవకూడదు. “ఆడది ఇనుముకు ధర కడితే అవతలివాడు నవ్వుతాడే,” అనేవాడు భర్త. అందుకని టీ. ఎవరైనా ఇరుసు అమ్మజూపితే ఆమె కడిగినట్టు కడిగి, లోపలికి వెళ్లి టీ తెచ్చేది. గ్లాసు ఇరుసు మీద పెడితే తీసుకోవచ్చు. భర్త చేతికిస్తే వద్దు. అన్న కన్ను పడిందంటే తిరుగులేదని జనం మెచ్చుకునేవారు. మెప్పు ఆయన తీసుకునేవాడు, ఖాళీ గ్లాసులు ఆమె తీసుకునేది. అదే కన్ను ఆమె ఇంట్లో పెడితే మాత్రం అనుమానం రోగం. ఇంత ఆలస్యమైందేమని అడిగితే రోగం. ఫోను పట్టుకుని గోడ అవతలికి ఎందుకెళ్లారని అడిగితే రోగం. “దీనికి పాలలో కూడా పగులు కనిపిస్తుందిరా,” అని అత్తగారు కొడుకుతో నవ్వేది.

సరే, రోగమే అనుకుందాం. కానీ టీ గుర్తు కొనేటప్పటిది. ఈరోజు అమ్మకం. అమ్మకానికి గ్లాసు ఎవరికోసం? ఆమెకు పోయినసారి డ్రైవరు వచ్చింది గుర్తొచ్చింది. అప్పుడు ఎవరో ఇరుసు అమ్మజూపుతుంటే అతను పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె గ్లాసు పెట్టిన ఇరుసునే మర్నాడు వచ్చి అడిగి తీసుకుపోయాడు. అతనికి తెలిసిపోయింది. అతనికి తెలిసిన సంగతి ఈయనకూ తెలిసింది. ఇన్నాళ్లూ తన మాట దొంగచాటుగా వాడుకున్నాడు, ఇప్పుడు తన చేత అబద్ధం పెట్టిస్తున్నాడు.

చొక్కా చేతుల అంచు తిప్పి చూసింది. నల్లటి మరక. ముక్కు దగ్గర పెట్టుకుంది. మడ్డి వాసన కాదు, రంగు వాసన.

తడిచేతులతోనే యార్డులోకి నడిచింది. పట్టా కింద ఒక ఇరుసు కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది. రంగు పగుళ్లను దాస్తుంది, రంగు వేసుకొచ్చినదాన్ని ముట్టుకోవద్దని ఆయనకు చెప్పింది తనే. వంగి, అడుగున చెయ్యి పెట్టి తడిమింది. బఠాణీ గింజంత వెల్డింగు బొడిపె వేలికి తగిలింది. మొన్న కడిగేటప్పుడు దానికే వేలు కోసుకుంది. గాటు ఇంకా మానలేదు. మెడ చుట్టూ సగం దాకా తడిగీత తేలింది ఆ ఇరుసుకే. తుక్కు బండికి ఎక్కించేశానని ఆయన చెప్పింది దీన్నే.

బయట లారీ ఆగింది. డ్రైవరుతో పాటు అతని భార్య కూడా దిగింది.

“ఇల్లూ వాకిలీ ఇదే వదినా. అద్దె లేదు, డీజిలే,” అన్నాడు డ్రైవరు క్యాబిను చూపించి. రేపు కంకర నింపుకుని కొండ ఎక్కాలట. ఇరుసు చుట్టూ తిరిగి, ఈ రంగేమిటన్నా కొత్తగా అని అడిగాడు.

“తుప్పు పట్టకుండాలే. మీ వదిన కడిగిందే ఇది,” అన్నాడు భర్త, ఆమె వైపు చూడకుండా.

టీ మరుగుతుంటే ఆమె పొయ్యి దగ్గర నిలబడింది. ఆయన కొట్టడు. అరవడు కూడా. పళ్లెం పక్కకు తోసేసి రోజుల తరబడి మాట్లాడడు. ఆ మౌనంలో అత్తగారే ఇద్దరి వంతూ మాట్లాడుతుంది. ఇన్నేళ్లూ భయపడింది దానికే. దాని బరువెంతో ఈరోజు మొదటిసారి తూచి చూసుకుంది. కంకర లారీ కంటే తక్కువే.

పళ్లెంతో బయటికొచ్చింది. డ్రైవరు భార్యకు ఒక గ్లాసు, డ్రైవరుకు ఒకటి ఇచ్చింది. మూడోది భర్త చేతికిచ్చింది.

డ్రైవరు జేబులోకి పోతున్న చెయ్యి ఆగిపోయింది. గ్లాసు చెప్పాల్సింది చెప్పేసింది. ఇక లోపలికి వెళ్లిపోవచ్చు, ఎప్పటిలాగే. వెళితే డ్రైవరు ఏదో వంక చెప్పి తప్పుకుంటాడు. గ్లాసు సంగతి తెలియనివాడు రేపు వస్తాడు, వాడికి ఈయన ఇది అంటగడతాడు.

“మెడ దగ్గర పగిలింది. నేను చూశాను,” అంది.

భర్త నవ్వబోయాడు. “మీ వదినకి అనుమానం రోగంలే.”

“ఇనుము మీద నాకే అనుమానమూ లేదు. అది ఏదీ దాచుకోదు,” అని, పళ్లెం పక్కన పెట్టి ఇనుప బ్రష్షు తీసుకుంది.

మెడ దగ్గర గట్టిగా రుద్దింది. రంగు పొట్టులా రాలింది. కిరోసిన్ పూసింది, తుడిచింది, సుద్దపొడి అద్దింది. భర్త చేతిలో టీ మీద మీగడ కట్టింది. తెల్లటి పొడి మీద గీత నెమ్మదిగా నడిచి వచ్చింది. అందరికంటే ముందు వంగి చూసింది డ్రైవరు భార్య. ఆ గీత మీద వేలు పెట్టి, ఆ వేలిని చీరకు తుడుచుకుంది.

“మరి వీటిలో ఏది మంచిదక్కా?” అంది. అడిగింది ఆమెను, ఆమె భర్తను కాదు.

ఆమె లేచి, గోడ పక్కనున్న తుప్పు ఇరుసు దగ్గరికి నడిచింది. దాని మీద ఏ గ్లాసూ పెట్టలేదు. అరచెయ్యి ఆనించి, అందరికీ వినబడేలా ధర చెప్పింది.