మూడుసార్లు ఊదాలి

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోగా మా ఆయన ఊపిరి నేను ఊదేస్తాను. ఊపిరి బలం కొలిచేది ఒక ప్లాస్టిక్ గొట్టం. పక్కన అంకెలు, ఊదితే కదిలే ఎర్రముల్లు. నిలబడి, గుండెల నిండా పీల్చి, ఒక్క విసురున ఊదాలి. మూడుసార్లు ఊది, అందులో పెద్ద అంకెను పుస్తకంలో రాయాలి. పుస్తకం మీద ఉన్నది ఆయన పేరు.

ఊపిరితిత్తుల జబ్బు ఆయనది. అలాంటివాళ్ళకి తమ జబ్బును తామే కనిపెట్టుకోవడం నేర్పే ఉద్యోగం నాది. మంగళవారాలు ఆస్పత్రి వెనక గదిలో పన్నెండు కుర్చీలు గుండ్రంగా వేసి, ఈ గొట్టం ఎలా పట్టుకోవాలో చూపిస్తాను. ఓసారి ముసలి దర్జీ అడిగాడు. "మా ఆవిడ చేత ఊదిస్తే కుదరదామ్మా? దానికి దమ్మెక్కువ. నన్ను తిట్టేటప్పుడు మధ్యలో ఊపిరి కూడా తీసుకోదు." అందరూ నవ్వి, నవ్వలేక దగ్గారు. "మీ ఊపిరి మీరే చూసుకోవాలి బాబాయ్" అన్నాను. నా గొంతు నాకే పక్కగదిలోంచి వినిపించినట్టయింది.

ఆయన తన నోటితో ఊదింది ఒక్కరోజే. రెండువందల ఇరవై వచ్చింది. మర్నాటి నుంచి ఒకటే పాట: "దగ్గొస్తోందే, నువ్వే ఊదెయ్. మొగుడూ పెళ్ళాల మధ్య నీదేంటి, నాదేంటి?" అత్తగారు ఫోన్లో వంత పాడారు. "వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా. మందు నేనే నోట్లో పోసేదాన్ని." నేను ఊదితే నాలుగువందల పది. "ఇలాంటి ఇల్లాలుండగా మీకేం భయం!" అని పుస్తకం చూసి డాక్టరుగారు ఆయన భుజం తట్టారు. ఆ మెప్పు తర్వాత నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ముల్లు ఎప్పటి నుంచి దిగుతోందో గమనించలేదు. మూడువందల ఎనభై. మూడువందల పది. పక్క దులిపితే నాకు ఆయాసం. పదకొండో నెలలో రెండువందల ఇరవై దగ్గర, ఆయన మొదటిరోజు అంకె మీద, ఆగింది. ఇక కిందికీ పోలేదు, పైకీ రాలేదు, తను వెతుకుతున్న గది దొరికినట్టు.

నిన్న డాక్టరుగారు పుస్తకం తిరగేసి కళ్ళజోడు తీశారు. "ఏడాదిలో సగానికి పడిపోయింది. ఇలాగే పోతే ఆక్సిజన్ పెట్టాల్సొస్తుంది." అవి ఎవరి అంకెలో ఆ గదిలో ఇద్దరికి తెలుసు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన మొహం నిశ్చింతగా ఉంది. బయటికొచ్చాక, "మందు పెంచాడుగా, మంచిదేలే" అన్నారు. నాలుగో అంతస్తులోని మా ఇంటికి మెట్లెక్కుతూ ఆయన ఒక్కసారి కూడా ఆగలేదు. నేనే మూడుచోట్ల ఆగాను. "ఏంటే, ముసలిదానివైపోయావా?" అని పైనుంచి నవ్వారు.

ఈ పొద్దున పాలు పొయ్యి మీద పెట్టలేదు. ఆయన ఇంకా లేవలేదు. వంటింట్లో ఊదాను, రెండువందల ఇరవై. గొట్టం పట్టుకుని గుమ్మం దాటి ఊదాను, రెండువందల డెబ్భై. ఊదడంలో తేడా వచ్చిందేమో అనుకుని మళ్ళీ లోపలికెళ్ళి ఊదాను. ముల్లు సరిగ్గా పాతచోటికే వెళ్ళి నిలబడింది. ఒక అంతస్తు దిగితే మూడువందల ముప్ఫై. రెండు అంతస్తులు దిగితే మూడువందల తొంభై. ప్రతిచోటా మూడేసిసార్లు ఊదాను, నేర్పినట్టే, పొరపాటుకు తావు లేకుండా. మెట్ల మీద ఎవరూ లేరు. గోడల్లోంచి ఎవరో నిద్రలో తీస్తున్నట్టు నిదానమైన, సుఖమైన శ్వాస వినిపించింది. నా శ్వాస బిగబట్టి విన్నాను. అది ఆగలేదు.

"ఊదేశావా?" అని పైనుంచి ఆయన కేక.

డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఉద్యోగం పోతుందని తెలుసు. "పుస్తకంలో అంకెలన్నీ నావండీ" అన్నాను. "మొదటి రోజు తప్ప, అన్నీ."

డాక్టరుగారు కంగారుగా అడిగారు. "అయ్యో, మరి ఆయనకెలా ఉందో?"

"నాకు తెలీదండీ. ఆయన్నే అడగండి" అని, ఇంకో అంతస్తు దిగాను.