పచ్చ సిరా కింది మూడు వరుసలు

నేను ఒక రబ్బరు స్టాంపును. పుట్టిన రోజున నా దగ్గర ఉన్నవి ఒక టేకు పిడి, దాని అడుగున మూడు వరుసల తిరగేసిన అక్షరాలు. మొదటి వరుసలో డాక్టర్ తౌటం కనకయ్య అని పేరు, రెండో దాంట్లో ప్రిన్సిపాల్ అని హోదా, మూడో దాంట్లో ప్రభుత్వ జూనియర్ కళాశాల అని ఊరూ పేరూ. ఏ సరుకైనా తన విలువ ముందు తాను తెలుసుకోవాలి. నేను తెలుసుకోలేదు. ఆ అక్షరాలే నా ఆస్తి అనుకున్నాను. అవి ఇంకొకరివి అన్న ఇంగితం నాకు చాలా ఆలస్యంగా కలిగింది.

నన్ను చేసిన బషీర్ హనుమకొండ చౌరస్తాలో ఒక మెట్ల కింద కూర్చునేవాడు. రబ్బరును కొలిచి కోసి, పిడికి అంటించి, పాత వార్తాపత్రిక మీద నాలుగుసార్లు కొట్టి చూశాడు. తీసుకోవడానికి వచ్చిన కనకయ్య సారుతో, "సార్, మనిషికన్న మనిషి పేరు గట్టిగుంటది. నా స్టాంపు ఇరవై ఏండ్లు నడుస్తది" అన్నాడు. మొదటి మాటలో కొంత తేడా వచ్చింది కానీ, రెండో మాట మాత్రం నిజమే.

కనకయ్య సారు చెప్పేది వృక్షశాస్త్రం. నకళ్ల మీద సంతకానికి పిల్లలు వస్తే అసలు మెమో అడిగి తీసుకుని, కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకునేవాడు. తరువాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, గోటి కొనను వరుస వెంట జరుపుతూ అంకె అంకె సరిచూసేవాడు. ఆ గోరు కాగితం మీద జరిగే చప్పుడు నాకు బాగా గుర్తు. బయట వరుసలో నిలబడ్డవాళ్లు, "ఏం చూస్తడురా ఇంతసేపు, పెండ్లిచూపులా?" అనుకునేవాళ్లు. అంతా అయ్యాకే నన్ను కొట్టి, పైన పచ్చ సిరాతో సంతకం చేసేవాడు. రోజుకు పది ముద్రలు దాటేవి కావు. గిరాకీ తక్కువే అయినా సరుకు గట్టిది.

ఆయన పదవీ విరమణ రోజున శాలువా కప్పారు, దండ వేశారు, ఫొటో తీశారు. ఆ హడావిడిలో నన్ను సొరుగులో మరిచిపోయారు. అటెండర్ ఓదెలు నన్ను జేబులో వేసుకుని, లా కాలేజీకి ఎదురుగా ఉన్న సదానందం జిరాక్స్ దుకాణానికి చేర్చాడు. "ఈ సారు పేరుంటే ఎవ్వలు ఎదురడుగరు, ఉంచుకో" అన్నాడు. బదులుగా తన ముగ్గురు పిల్లల పరీక్ష కాగితాలకు జీవితాంతం జిరాక్స్ ఉచితంగా మాట్లాడుకున్నాడు. మంచి బేరగాడు.

సదానందం చెడ్డవాడని నేను అనను. కనకయ్య సారు సంతకాన్ని మూడు రోజులు చిత్తు కాగితాల వెనక సాధన చేశాడు. మార్కులు దిద్దమని ఎవరైనా వస్తే దుకాణం మెట్టు కూడా ఎక్కనిచ్చేవాడు కాదు. "దొంగ పని నా దగ్గర లేదు, పో" అనేవాడు. పచ్చ పెన్ను చేతిలో పట్టుకునే అనేవాడు. అతని లెక్కలో తాను చేస్తున్నది సాయం. నిజానికి ఆ కాగితాల్లో మార్కులన్నీ నిజాలే. ముద్ర పడిందంటే అసలుతో పోల్చి చూశాను అని అర్థం, ఆ ఒక్క మాటే అబద్ధం. ఆ ఒక్క మాట పలికేది మాత్రం నేనే.

తొమ్మిదేళ్లు నాకు కుదురు లేదు. సొరుగు లాగితే ముందుకు దొర్లేదాన్ని, నెడితే వెనక్కి. పిన్నులు, విరిగిన పెన్ను మూతలు నా ఒంటి నిండా గుచ్చుకునేవి. రోజుకు అరవై, డెబ్బై ముద్రలు. వచ్చే ప్రతివాడికీ అదే చివరి తేదీ, అదే ఆఖరి గంట. "అన్నా జల్ది, అన్నా జల్ది" అన్న మాట తప్ప ఇంకో మాట వినలేదు. కొట్టించుకున్న కాగితంలో ఏముందో చదివినవాణ్ణి ఒక్కణ్ణి కూడా చూడలేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం మూడు గంటలకు ఈసం లావణ్య వచ్చింది. ములుగు అవతలి కోయగూడెం పిల్ల, అయిదేళ్ల లా కోర్సులో నాలుగో ఏడు. నెదర్లాండ్స్‌లోని ఒక విశ్వవిద్యాలయం ఎదుటి లా కాలేజీ పిల్లలను ఏటా ఇద్దరిని ఒక సెమిస్టరుకు తీసుకుంటానని ఒప్పందం రాసుకుంది. రెండేళ్లుగా నలుగురు దరఖాస్తు పెట్టారు, ఒక్కరికీ రాలేదు. ఈ ఏడుతో ఒప్పందం అయిపోతుంది. గడువు ఆ సాయంత్రం అయిదు గంటలు.

"అన్నా, ఆరు మెమోలు, రెండేసి కాపీలు. గెజిటెడ్ సంతకాలు గావాలె. పొద్దటి నుంచి తిరుగుతున్న, ఒక్కరు దొరుకుతలేరు."

"ఎట్ల దొరుకుతరు బిడ్డా. అందరు ఎలక్షన్ ట్రైనింగుకు పోయిండ్రు. ఇయ్యాల హనుమకొండల గెజిటెడ్ అనేటోడు నేనొక్కణ్ణే" అన్నాడు సదానందం.

ఆ మాట ఆ పిల్లకు తలకెక్కే లోపలే సొరుగు లాగాడు. నన్ను ప్యాడు మీద అద్ది మొదటి నకలు మీద కొట్టాడు, పచ్చ సంతకం గీసి పారేశాడు. అలవాటు పడ్డ చెయ్యి అడిగి చెయ్యదు.

లావణ్య కాగితం చేతిలోకి తీసుకుంది. "ఈ కనకయ్య సారు యాడుంటడన్నా?"

"రిటైరై తొమ్మిదేండ్లాయె. వడ్డేపల్లిల ఉంటడంటరు."

"రిటైరయిన మనిషి సంతకం ఎట్ల పెడతడు?"

"ఆయన యాడ పెట్టిండు బిడ్డా, నీ ముందర నేను పెడితి గదా." సదానందం రెండో కాగితం జరుపుకున్నాడు.

ఆమె అతని చేతి కింద నుంచి కాగితం లాగేసుకుంది. నేను గాలిలో ఆగిపోయాను. నా బతుకులో అలా ఆగడం అదే మొదలు. ఆ పిల్ల ముఖంలో భయం కనిపించింది, గోడ గడియారం వైపు రెండుసార్లు చూసింది. కొట్టించుకుంటే పని అయిపోతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"అన్నా, వాళ్ల వెబ్‌సైట్ల నియమాల పుస్తకం ఉంటది. ఒకపాలి ప్రింటు తియ్యి. అసలు వాళ్లేమడిగిండ్రో చూద్దాం."

"యాదగిరి సారు చీటీ ఇచ్చిండు గదనే, మళ్ల అదెందుకు?"

యాదగిరి లా కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటు. ఏమేం జతచేయాలో ఆయన టైపు చేయించిన అరఠావు చీటీయే కాలేజీ పిల్లలందరికీ వేదం. సదానందం గొణుక్కుంటూనే పద్నాలుగు పేజీలూ తీశాడు. ఆమె స్టూలు మీద కూర్చుని వేలు పెట్టి చదివింది. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నారు. తొమ్మిదో పేజీ దగ్గర వేలు ఆగింది.

"చదివే కాలేజీనే అసలు పత్రాలతోటి పోల్చి చూసి తన ముద్ర వెయ్యాలంట. బయటోళ్లు ధ్రువీకరించినవి తీసుకోరని రాసిండ్రన్నా. గెజిటెడ్ అన్న మాటనే లేదు."

"మరి చీటీల?"

"ఆ చీటీ స్కాలర్‌షిప్పులది. పైన పేరు మార్చిండు, అంతే."

సదానందం పచ్చ పెన్నుకు మూత పెట్టాడు. తరువాత, "నిరుడు ఇద్దరికి, మొన్నటేడు ఇద్దరికి నేనే కొట్టిచ్చిన" అన్నాడు. "అక్కడోళ్లు మనోళ్లకు ఇయ్యరంట అనుకున్నం."

అప్పుడు ప్యాడు పక్కన ఒరిగి ఉన్న నాకు నా తొమ్మిదేళ్ల వ్యాపారం ఒక్కసారి కళ్లకు కట్టింది. నలుగురు పిల్లలు ఎక్కాల్సిన విమానం ముందు అడ్డంగా పడుకున్నది నేను. అవతలివాడు అడగని సరుకును ఇంతకాలం అంటగట్టాను.

"ఆ స్టాంపు ఇటియ్యన్నా" అంది లావణ్య. "ఆ సారుకే ఇచ్చేస్త."

"ఇస్తే నా దుకాణం ఎట్ల నడవాలె?"

"జిరాక్స్ మిషనున్నది గదన్నా."

ఇచ్చాడు. ఇష్టంగా ఇచ్చాడని చెప్పను. పిల్లలంతా చూస్తున్నారు, అడిగింది లా చదివే పిల్ల. నన్ను ఒక చిత్తు కాగితంలో చుట్టి ఆమె సంచిలో పడేశాడు. పచ్చ సంతకం పడిన నకలు స్థానంలో కొత్తది తీసి ఇచ్చాడు. పాతది కూడా సంచిలోకే వచ్చింది.

ఆమె పరుగెత్తుతుంటే లోపల నేను నీళ్ల సీసాకు కొట్టుకుంటూ పోయాను. లా కాలేజీ ఆఫీసు గడియారం నాలుగు కొట్టింది. ప్రిన్సిపాల్ మేడం ఎన్నికల శిక్షణకు పోతూ కాలేజీ గుండ్రటి ముద్రను, తన తరఫున సంతకం చేసే అధికారాన్ని యాదగిరి చేతికి అప్పజెప్పి పోయింది. లావణ్య సంచి తెరిచి కాగితాలన్నీ ముందు పెడితే, ఆయన మాత్రం వాటిలోంచి పచ్చ సిరా ఉన్నదాన్నే పైకి తీశాడు.

"ఒకటి అయింది గదా. పోయి మిగతయి గిట్లనే కొట్టించుకరా. నేను అప్‌లోడ్ చేస్త."

"సార్, ఆ సంతకం సారు పెట్టలేదు. ఆయన రిటైరై తొమ్మిదేండ్లయింది."

"నేనడిగిన్నా అమ్మా? నువ్వెందుకు చెప్తున్నవ్?"

ఆమె తొమ్మిదో పేజీ ముందు పెట్టింది. ఆయన చదవకుండానే పక్కకు జరిపాడు. "నేను ముద్రేస్తే రేపు తప్పొస్తే నన్నడుగుతరు. గెజిటెడ్ ఆయన కొట్టిండనుకో, ఆయన్నడుగుతరు. ఇరవై ఏండ్ల సంది ఇట్లనే తీసుకుంటున్న."

"సార్, నిరుడు పెట్టినోళ్లకు రాలేదు గదా. ఎందుకు రాలేదో వాళ్లు రాసిండ్రా?"

"ఉత్తరాలొచ్చినయి. ఫైల్ల పెట్టిన."

"చదివిండ్రా సార్?"

కుర్చీ వెనక్కి జరిగింది. బీరువా తలుపు కిర్రుమంది. ఫైలు దారం విప్పారు. లావణ్య పైకి చదివింది, నాలుగు ఉత్తరాల్లోనూ ఒకే వాక్యం: నకళ్లు తొమ్మిదో పేజీలో చెప్పినట్టు లేవు కనుక దరఖాస్తును పరిశీలించలేదు.

అప్పుడు ఆ పిల్ల గొంతు తగ్గించి చెప్పిన మాట సంచిలో ఉన్న నాకూ వినిపించింది. "మా చిన్నాయనకు కోయ తప్ప ఏ భాషా సరిగ రాదు సార్. కర్ర నరికినవని కేసు పెట్టిండ్రు. కోర్టుల ఏమడిగినా ఔ అన్నడు. ఔ అంటే ఇంటికి పంపుతరనుకున్నడు. రెండు నెలలు జైల్ల ఉన్నడు. ఆ దేశంల అట్లాంటోళ్లకు కోర్టు మాటలు వాళ్ల భాషల చెప్పేటోన్ని ఎట్ల పెడతరో చూసి రావాలనే నేను దరఖాస్తు రాసుకున్న. చదవకుండ చీటీకి ఔ అంటే ఇగ నేను పోయి ఏం నేర్చుకోవాలె సార్?"

కుర్చీ ముందుకు జరిగిన చప్పుడైంది. "ఒర్జినల్స్ తియ్యి" అన్నాడు యాదగిరి.

తరువాత వినిపించిన చప్పుడు నేను తొమ్మిదేళ్లుగా వినలేదు. గోరు కాగితం మీద, వరుస వెంట, అంకె దగ్గర ఆగుతూ జరుగుతోంది. గడియారం నాలుగున్నర కొట్టింది. ఆయన అయిదో మెమోలోనే ఉన్నాడు. "సార్, టైం" అంది లావణ్య. "చూడమన్నది నువ్వే గదమ్మా, చూడనియ్యి" అన్నాడు ఆయన. గుండ్రటి ముద్ర పన్నెండు నకళ్ల మీదా పడింది. ఒకటికి సిరా చాలక మళ్లీ కొట్టాడు. స్కానరు మొరాయించింది, ఆయన దాని నెత్తిన ఒకటి వేశాడు. దరఖాస్తు అందినట్టు సందేశం వచ్చేసరికి అయిదు కావడానికి మూడు నిమిషాలు.

ఆదివారం ఆమె నన్ను వడ్డేపల్లికి తీసుకుపోయింది. కనకయ్య సారు వరండాలో కుండీలకు నీళ్లు పోస్తున్నాడు. నన్ను చూసి, "నువ్వింక బతికే ఉన్నవా?" అన్నాడు. ఆ పిల్ల జరిగిందంతా చెప్పింది. దాచిపెట్టిన నకలు చూపించింది. ఆయన అద్దాలు తుడుచుకుని సంతకం చూశాడు.

"నాకన్న మంచిగ పెట్టిండు. ఎన్ని కొట్టిండో?"

"లెక్క లేదు సార్. వేలల్ల ఉంటయి."

ఆయన నవ్వలేదు. చాలాసేపు నన్ను అటూ ఇటూ తిప్పాడు. తరువాత లోపలికి పోయి, కాండాన్ని పల్చగా కోసి పిల్లలకు చూపించే క్షౌరం బ్లేడు తెచ్చాడు. తరగతి గదిలో కోసినట్టే నిదానంగా, ఒక్కొక్క పొరగా నా ముఖం తీసేశాడు. మొదట ఊరు పోయింది, తరువాత హోదా, ఆఖరున పేరు. తన పేరు పోయేటప్పుడు ఆయన చెయ్యి కొంచెం ఆగింది. నాకైతే నొప్పి తెలియలేదు. తురుమును కుండీలో వేయబోయి, మొక్కకు రబ్బరు మంచిది కాదని చెత్తబుట్టలో వేశాడు. పిడి ఆమెకే ఇచ్చాడు.

నెలన్నర తరువాత లావణ్యకు సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. ప్రింటు తీయించుకోవడానికి సదానందం దగ్గరికే వచ్చింది. అతను రెండు కాపీలు తీసి ఒకటి తన దగ్గర ఉంచుకున్నాడు. "గోడకు అంటిస్త. చదువుకోమని చెప్తే వినరు, చూస్తెనన్న వింటరు." ఆమె సంచిలోంచి నన్ను తీసి కౌంటరు మీద పెట్టింది. "నీ స్టాంపు తెచ్చిన అన్నా."

అతను నన్ను తిరగేసి చూశాడు. నున్నటి అడుగును బొటనవేలితో రాశాడు. "సారు ఏమన్నడు?"

"సంతకం మంచిగ పెట్టినవన్నడు."

సదానందం తల దించుకుని, ఫ్యాను గాలికి ఎగిరిపోతున్న ఒక పిల్లాడి మెమో మీద నన్ను పెట్టాడు. అప్పటి నుంచి అదే నా చోటు. ఎవరైనా గెజిటెడ్ సంతకం అడిగితే, "ముందు వాళ్లేమడిగిండ్రో చదువు బిడ్డా" అంటున్నాడు. కొందరు చదువుతున్నారు. కొందరు తిట్టుకుంటూ పక్క దుకాణానికి పోతున్నారు.

ఇక నా లెక్క చూసుకుంటే, పుట్టినప్పుడు చేతిలో ఉన్న మూడు వరుసలూ పోయాయి. కొట్టిన వేల ముద్రలు ఎవరి ఫైళ్లలో పడి ఉన్నాయో తెలియదు, వాటిని వెనక్కి తెచ్చుకోలేను. నా వల్ల ఆగిపోయిన ఆ నలుగురికి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. మిగిలింది టేకు పిడి, అందులోని బరువు. ఇప్పుడు నా కింద ఎప్పుడూ అసలు కాగితాలే ఉంటున్నాయి. పిల్లలు వాటిని చదివేదాకా ఎగిరిపోకుండా పట్టుకుంటున్నాను.