రెండు గంటల మందు

మా నాన్న అద్దకం మిల్లులో ముప్పై ఒక్క సంవత్సరాలు షేడు మాస్టరుగా పనిచేశాడు. కొనేవాళ్ళు పంపిన గుడ్డముక్కను చూసి, అదే రంగు వెయ్యి మీటర్ల బట్టకూ రప్పించడం ఆయన పని. మిల్లులో ఆయన్ను పేరుతో పిలిచినవాళ్ళు లేరు. అందరికీ 'షేడు'. అమ్మ కూడా కోపం వస్తే 'షేడు గారూ' అంటుంది.

మొదటిసారి మూత్రంలో రక్తం కనబడినప్పుడు ఆయన రక్తమని చెప్పలేదు. "కొంచెం ఇటుక రంగు తిరిగింది" అన్నాడు. అదీ అయిదు రోజుల తర్వాత. ఆ అయిదు రోజులూ రంగు ముదురుతుందో, లేతపడుతుందో చూశాడట.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. కాగితం ఏదొచ్చినా నా చేతికే వస్తుంది. ఆసుపత్రి కాగితాలూ అలాగే వచ్చాయి. డాక్టరు మూత్రాశయంలోకి గొట్టం పంపి, లోపల పెరిగిన కణితిని గీకి తీశాడు. క్యాన్సర్ అని రిపోర్టు వచ్చింది. లోపలి పొర దాటి కండలోకి దిగలేదు కానీ, మళ్ళీ మళ్ళీ వచ్చే ముదురు రకం. అందుకని వారానికొకసారి, ఆరు వారాలు, మందును నేరుగా మూత్రాశయంలోకే ఎక్కించాలన్నాడు.

"దానికీ లొంగకపోతే మూత్రాశయం తీసేయాల్సి వస్తుంది. పొట్ట మీద చిన్న రంధ్రం చేసి సంచి తగిలిస్తాం" అన్నాడు.

"ఎన్నాళ్ళు?" అని అడిగాడు నాన్న.

"ఎప్పటికీ."

ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ నాన్న, "గుడ్డ సంచా, ప్లాస్టిక్ సంచా? అది అడగడం మర్చిపోయాం" అన్నాడు. అమ్మ నవ్వలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన ఆ సంచి మాట ఎత్తలేదు. అంటే దాని గురించే ఆలోచిస్తున్నాడని మా ఇద్దరికీ అర్థమైంది.

మొదటి మందు ఆసుపత్రిలోనే. పొద్దున్నుంచి నీళ్ళు తాగకూడదు. తాగితే మూత్రం ఊరి లోపల మందు పలచబడుతుంది. నేను తెర ఇవతల కుర్చీలో కూర్చున్నాను. సిస్టర్ పొడవాటి గౌను, రెండు జతల చేతి తొడుగులు, కళ్ళద్దాలు వేసుకుని, పెద్ద సిరంజి పట్టుకుని లోపలికి వెళ్ళింది.

"వంగపండు రంగు" అన్నాడు నాన్న లోపలి నుంచి. "కొంచెం నీలం ఎక్కువ పడింది."

"డాక్టర్ గారు రాసినంతే కలిపారు, పెద్దాయనా. ఎక్కువా తక్కువా ఉండదు. కదలకండి."

"పడిందమ్మా. నేను చెప్తున్నాగా."

గొట్టం పెట్టడం, మందు ఎక్కించడం, గొట్టం తీయడం పది నిమిషాల్లో అయిపోయాయి. మందు రెండు గంటలు లోపలుండాలని చెప్పింది సిస్టర్. పావుగంట వెల్లకిలా, పావుగంట కుడివైపు, పావుగంట ఎడమవైపు, పావుగంట బోర్లా, తర్వాత మళ్ళీ మొదటి నుంచి.

"తెలుసులే. తిప్పకపోతే మచ్చలు పడతాయి" అన్నాడు నాన్న.

సిస్టర్ నవ్వింది. "ఇన్నేళ్ళుగా చెప్తున్నాను. ఒక్క మాటకే పట్టుకున్నది మీరే."

ఇవతల కూర్చుని నేనూ మురిసిపోయాను. ఇక ఈయనకు విడమరిచి చెప్పాల్సిన పని లేదనుకున్నాను.

రెండు గంటలయ్యాక కూర్చునే మూత్రం పోయాలి, చుక్క బయట పడకూడదు. తర్వాత మరుగుదొడ్డిలో బ్లీచింగ్ పోసి పావుగంట ఉంచి, రెండుసార్లు నీళ్ళు వదలాలి. సబ్బుతో కడుక్కోవాలి. ఆ తర్వాత రోజంతా నీళ్ళు తాగుతూనే ఉండాలి. ఇవన్నీ ఒక కాగితం మీద ఉన్నాయి. దాని వెనక ఆరు గడుల పట్టిక. మందు ఎక్కించిన సమయం, ఖాళీ చేసిన సమయం, బాధలు, ఇంటివాళ్ళ సంతకం. రెండో వారం నుంచి మందు ఎక్కించుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చని, పట్టిక జాగ్రత్తగా నింపమని సిస్టర్ నా చేతికిచ్చింది.

నేను రిజిస్ట్రారు ఆఫీసులో నకళ్ళు చూసే పనిలో ఉన్నాను. అసలు దస్తావేజును, నకలును పక్కపక్కన పెట్టుకుని వరస వరసా చదివి, 'అసలుతో సరిచూశాను' అని రాసి సంతకం పెట్టాలి. చూడకుండా పెట్టినవాళ్ళకు ఏమవుతుందో ఆఫీసులో కథలు కథలుగా చెప్పుకుంటారు. అలాంటి తప్పు నేనెప్పుడూ చేయలేదు.

రెండో వారం, మూడో వారం పదిన్నరకల్లా మందు ఎక్కించారు. ఆయన్ను టాక్సీలో ఇంటికి తీసుకొచ్చి, మంచం మీద పడుకోబెట్టి, నేను ఆఫీసుకు వెళ్ళాను. సాయంత్రం వచ్చి పట్టిక తీశాను.

"ఎన్నింటికి లేచావు నాన్నా?"

"పన్నెండున్నరకి."

పన్నెండున్నర అని రాశాను. సంతకం పెట్టాను. పక్క గదిలో అమ్మ కుట్టుమిషను తొక్కుతూనే ఉంది.

మూడో మందు తర్వాత ఆయన నడక మారింది. గంటకు నాలుగుసార్లు లేచేవాడు. వెళ్ళి చాలాసేపు రాడు. అడిగితే, "నీళ్ళు తాగమన్నారుగా, తాగితే పోదూ?" అని విసుక్కున్నాడు. మంటగా ఉందా అంటే కొంచెం అన్నాడు. కొంచెం మంట మామూలేనని కాగితంలో ఉంది. నేను 'కొంచెం' అని రాశాను.

నాలుగో మందుకు ముందురోజు బాయిలరు మామయ్య వచ్చాడు. మిల్లులో బాయిలరు చూసేవాడు కాబట్టి ఆ పేరు. చుట్టరికం లేదు, నాన్నను బావా అంటాడు. వినపడీ వినపడకుండా మాట్లాడటం ఆయనకు చేతకాదు, నలభై ఏళ్ళు ఆవిరి హోరులో అరిచి అరిచి గొంతు అలాగే స్థిరపడిపోయింది.

"మీ నాన్న మొండితనం ఎక్కడికి పోతుందమ్మా!" అన్నాడు నాతో. "మొన్న నేనొస్తే ఇక్కడే పడుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు పొర్లుతున్నాడు, పెనం మీద వేసినట్టు. లేచి ఒకసారి వెళ్ళిరారా బావా అంటే వినడే. మూడున్నరకు నేను వెళ్ళిపోయేదాకా మంచం దిగితే ఒట్టు!"

నాన్న కిటికీ వైపు తిరిగాడు. మామయ్య మా ముఖాలు చూసి, "నేనేమైనా కాని మాట అన్నానా?" అని అడిగాడు. చొక్కా సర్దుకుని, మళ్ళీ వస్తానని లేచాడు.

మిషను ఆగింది. "నీకు తెలుసా అమ్మా?" అన్నాను.

అమ్మ నీళ్ళు నమిలింది. "పిల్లకు చెప్పకు, ఊరికే కంగారుపడుతుంది అన్నాడు. రెండో వారం నాలుగు గంటలే. మొన్న అయిదు."

"నాలుగు గంటలే!"

"అరవకు. నేను చెప్తా విను" అన్నాడు నాన్న. ఆయన గొంతులో తప్పు చేసినవాడి బెదురు లేదు. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడాడు. "లేత రంగులకు గంట చాలు. ముదురు రంగుకు రెండు, మూడు. నలుపుకు తొట్టిలో ఎంతసేపు ఉంచితే అంత మంచిది. నలుపు మరీ నల్లగా వచ్చిందని బట్ట లాటు తిప్పి పంపినవాడు నా సర్వీసులో ఒక్కడు లేడు. నాది ముదురు రకమని ఆ డాక్టరే అన్నాడా లేదా? రెండు గంటలనేది అందరికీ కలిపి అచ్చువేసిన మాట. అందరూ అంతకంటే ఆపుకోలేరు కాబట్టి అలా వేశారు. నేను ఆపుకోగలను. తొట్టిలో నలుపు ఉండగా మాస్టరు పక్కకు కదలకూడదు. అయిదు గంటలు నాకొక లెక్క కాదు."

"నాన్నా, అది బట్ట కాదు."

"తెలుసు."

"రక్తం పడుతోందా?"

"ఇటుక రంగు దాటింది. దానిమ్మ గింజ రంగులో ఉంది. చిన్న చిన్న పొరలు కూడా పడుతున్నాయి."

"రేపు చెప్పాలి."

"చెప్తే మందు ఆపేస్తారు. ఆపితే ఇక సంచే." నా వైపు చూసి మళ్ళీ అన్నాడు. "నీకు దణ్ణం పెడతా తల్లీ, రేపొక్కరోజు నోరు విప్పకు. ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టే ఇచ్చెయ్."

నాన్న నాకు దణ్ణం పెడతానన్నది అదొక్కసారే. పట్టిక తీసి చూసుకున్నాను. పన్నెండున్నర, పన్నెండున్నర. రెండింటి పక్కనా నా సంతకం, ఆఫీసులో పెట్టినంత శుభ్రంగా ఉంది.

మర్నాడు సిస్టర్ పట్టిక చూసి, "చక్కగా రాశారు" అంది. నాన్నను అడిగింది. "మంట ఉందా పెద్దాయనా? రక్తం ఏమైనా?"

"అబ్బే" అన్నాడు నాన్న.

"ఈ కాగితం తప్పు, సిస్టర్" అన్నాను. "నేను చూడకుండా రాశాను. ఒకసారి నాలుగు గంటలు, ఒకసారి అయిదు గంటలు ఉంచుకున్నారు. రక్తం పడుతోంది."

నాన్న నా వైపు చూడలేదు. సిస్టర్ చేతిలో ఉన్న సిరంజి మూతను మళ్ళీ బిగించి, దూరంగా బల్ల మీద పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్ళింది. మూత్రం పరీక్షకు పంపారు. డాక్టరు వచ్చి, కేకలేమీ వేయకుండా చెప్పాడు. పుండు పడినట్టుంది. ఇవాళ మందు ఎక్కిస్తే మాడిన దాని మీద మళ్ళీ వాత పెట్టినట్టే. రెండు వారాలు ఆగి చూస్తాం. మానితే మిగతా మూడూ ఇస్తాం. మానకుండా మూత్రాశయం ముడుచుకుపోతే, జబ్బు లేకపోయినా తీసేయాల్సి రావచ్చు.

"జబ్బు లేకపోయినా?" అన్నాడు నాన్న.

"అవును."

నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర ఏదైనా కావాలంటే, "మీ అమ్మాయిని అడుగు" అని అమ్మకు చెప్పేవాడు. నేను ఎదురుగానే ఉండేదాన్ని.

మూడో రోజు సెలవు. ఆయన వరండాలో కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా పదో తరగతిలో జరిగిన సంగతి ఒకటి రాత్రి గుర్తొచ్చింది. ఒక పెద్ద నలుపు లాటు గోదాములో రెండు నెలలుండి, బయటికి తీస్తే చేతుల్లోనే చిరిగిపోయింది. ఆ వారం నాన్న ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

"ఆ లాటుకు నలుపు బాగానే ఎక్కింది కదా నాన్నా? మరి బట్ట ఎందుకు చిరిగింది? ఎక్కువసేపు ఉంచినందుకేగా?"

"కాదు" అన్నాడు వెంటనే. పని గురించి తప్పు మాట్లాడితే ఊరుకోలేడు. "ఎవరు చెప్పారు నీకు? ఎక్కువసేపు ఉంచినందుకు కాదు. సరిగ్గా ఉతకనందుకు. తొట్టిలోంచి బట్ట దించాక మందు మిగలకుండా ఉతకాలి. ఆ రోజు నీళ్ళు చాల్లేదు, సగం ఉతికి వదిలేశారు. మిగిలిన మందు లోపల కూర్చుని దారాన్ని తినేసింది."

నేను వేసుకొచ్చిన వాదన అంతటితో పోయింది. నాన్న గోడ వైపు చూస్తూ కాసేపు బొటనవేలితో చూపుడువేలు రుద్దుకున్నాడు. గుడ్డముక్క నేత చూసేటప్పుడు అలా చేస్తాడు.

"అయితే వీళ్ళు నీళ్ళు తాగు, నీళ్ళు తాగు అనేది ఉతకడానికన్నమాట" అన్నాడు.

"అవును నాన్నా."

"నేను సాయంత్రం దాకా మందు దించనేలేదు. ఇక ఉతికిందెక్కడ?"

"అవును."

"ఆ మాట మొదటిరోజే అనొచ్చుగా. రెండు గంటలు, రెండు గంటలు అంటారే గానీ!" అని కసిరాడు. అమ్మను పిలిచి, చెంబుతో మంచినీళ్ళు తెమ్మన్నాడు.

రెండు వారాలన్నది మూడయింది. తర్వాత మిగతా మూడు మందులూ ఎక్కించారు. ఆ మూడు రోజులూ నేను సెలవు పెట్టి, మంచం పక్కన గడియారం పెట్టుకుని కూర్చున్నాను. పావుగంటకొకసారి ఆయనే తిరిగేవాడు. రెండు గంటలు కాగానే "దించుతున్నా" అని చెప్పి లేచేవాడు. తలుపు చప్పుడయ్యాక సమయం రాశాను. పాత రెండు గడుల్లోనూ పన్నెండున్నర కొట్టేసి, అమ్మను అడిగి అసలు సమయాలు రాసి, పక్కన మళ్ళీ సంతకం పెట్టాను.

ఆఖరి మందు అయిన ఆరు వారాలకు పరీక్ష. సన్నటి గొట్టం చివర కెమెరా. మత్తు లేదు, తిమ్మిరి మందు మాత్రమే. నన్ను ఆయన తల దగ్గర నిలబడనిచ్చారు. తెర మీద మూత్రాశయం లోపలి గోడ కనబడింది.

నాన్న తల ఎత్తి చూశాడు. డాక్టరు గొట్టాన్ని నెమ్మదిగా తిప్పుతున్నాడు. లేత గులాబీ రంగు, మధ్యలో సన్నటి ఎర్ర నరాలు. గీకిన చోట తెల్లగా మచ్చ.

"ఆగండి. వెనక్కి" అన్నాడు నాన్న. "అక్కడ. ఎడమవైపు. షేడు కలవలేదు."

డాక్టరు వెనక్కి తిప్పాడు. కందిగింజంత ఎరుపు. "మీరు నాకంటే ముందు చూశారు" అని, అక్కడ చిన్న ముక్క గిల్లి పరీక్షకు పంపాడు. జబ్బయినా కావచ్చు, మందు చేసిన వాపయినా కావచ్చు, రిపోర్టు వస్తే గానీ చెప్పలేనన్నాడు.

రిపోర్టుకు వారం పట్టింది. ఆ వారం నాన్న ఒక్కసారి కూడా రంగుల మాట ఎత్తలేదు. అమ్మ కుట్టుకు తెచ్చిన బట్ట చూసి, "దారం కలవలేదు" అని కూడా అనలేదు.

కవరు తెచ్చి ఆయన ముందే విప్పాను.

"నువ్వే చదువు. ఉన్నది ఉన్నట్టు" అన్నాడు.

చదివాను. క్యాన్సర్ కణాలు లేవు. మందు వల్ల కలిగిన వాపు, మానుతున్న దశలో ఉంది. మూడు నెలలకు మళ్ళీ చూడాలి.

"ఆ ఎరుపు మూడో వారానిది" అన్నాడు నాన్న. "నా చేతి పనే."

"అవును నాన్నా."

"సంచి?"

"ఇప్పటికి లేదు."

"ఇప్పటికి" అని ఆయన కూడా అన్నాడు. చెంబు అందుకుని ఎత్తి, ఆగకుండా ఖాళీ చేశాడు. తర్వాత అమ్మ మిషను దగ్గరకు వెళ్ళి, మడిచిన బట్టను, పక్కనున్న దారపు ఉండను వెలుగులో పట్టుకుని చూశాడు.

"దీనికి ఈ దారమా?" అన్నాడు. "నీకు కళ్ళున్నాయా అసలు?"

"షేడు గారూ, మీ పని మీరు చూసుకోండి" అంది అమ్మ.