ఒక్క వత్తి

సభ ఏర్పాట్లన్నీ చూసే శరత్‌చంద్ర ఫోనులో అంత మర్యాదగా మాట్లాడాడంటే ఎక్కడో ఎసరు పెట్టాడనే అర్థం. "అమ్మా, ఈసారి మీరు స్టేజీ ఎక్కి శ్రమ పడొద్దండీ. ముందు వరసలో సోఫా వేయిస్తాను. హాయిగా కూర్చుని చూడండి, చాలు" అన్నాడు. ఇన్నేళ్ళుగా ఎక్కుతున్న ఆ నాలుగు మెట్లు ఈ ఏడాదే శ్రమ ఎందుకయ్యాయో హైమవతికి ఒకరు చెప్పక్కర్లేదు. "అలాగే బాబూ" అని పెట్టేసింది.

బాధ పడిందా అంటే, లేదు. భర్త పూర్ణచంద్రరావు పోయినప్పటినుంచి ఆమెకు ఏదీ తగలడం లేదు. కాఫీలో పంచదార వేసుకుందో లేదో తాగాక కూడా తెలిసేది కాదు. ఆయన్ని తీసుకెళ్ళేటప్పుడు కూడా కంట తడి రాలేదు. చుట్టాలు ఎదురుగా "గట్టి మనిషి" అన్నారు, పక్కకి తిరిగి "రాయి" అన్నారు. రెండూ ఆమె చెవిన పడ్డాయి. రెండూ నిజమేననుకుంది.

అయినా సభకు వెళ్ళాలనుకుంది. ఆ సభ ఆమెది. వన్ టౌన్‌లో లుంగీల హోల్‌సేల్ వ్యాపారి నన్నే సాహెబూ, కాలేజీ లెక్చరరు పూర్ణచంద్రరావూ ప్రాణస్నేహితులు. ఒకప్పుడు పేటలో రెండు మతాల కుర్రాళ్ళు తలలు పగలగొట్టుకుంటే, వీళ్ళిద్దరూ అందర్నీ పిలిచి ఒకే బంతిలో కూర్చోబెట్టి అన్నం పెట్టారు. అదే ఏటేటా జరిగి, బ్యానరు కట్టుకుని, సర్వమత స్నేహ సమితి అయింది. మొదటి ఏడాది పులిహోర కలిపింది హైమవతి. బిర్యానీ వండింది నన్నే సాహెబు భార్య సయీదా. కుందిలో మొదటి దీపం మాత్రం ఎప్పుడూ హైమవతి దంపతులదే. ఇంట్లో ఆయన కుర్చీ ఖాళీ అయ్యాక, తనకంటూ ఒక చోటు ఉందంటే అది ఆ కుంది పక్కనే. అదీ ఉందో ఊడిందో కళ్ళారా చూసి వద్దామనే బయల్దేరింది.

కల్యాణమండపం నిండింది. సామరస్యం మీద ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఇలాంటి సభల్లో మాటలు కొత్తగా పుట్టవు. ఒకాయన మనమంతా ఒక పూలదండ అన్నాడు. ఇంకొకాయన ఇంద్రధనుస్సు అన్నాడు. నదులన్నీ సముద్రంలోనే కలుస్తాయన్నాడు మూడో ఆయన, అవతల కృష్ణలో నీళ్ళున్నాయో లేదో చూడకుండానే. హైమవతి సోఫాలో కూర్చుని, అందరితోపాటు తనూ చప్పట్లు కొట్టింది.

తర్వాత శరత్‌చంద్ర మైకు అందుకుని, జ్యోతి ప్రజ్వలనకు పేర్లు పిలిచాడు. అయిదు వత్తులకు అయిదుగురు. పూజారిగారు, పాస్టరుగారు, కార్పొరేటరుగారు వరసగా వెలిగించారు. "ముస్లిం సోదరీమణుల తరఫున సయీదా గారు! చివరగా శ్రీమతి శాంభవి!" శాంభవి శరత్‌చంద్ర భార్య. పట్టుచీర కట్టుకుని, హైమవతి నిలబడే చోట నిలబడి ఉంది. ఓహో ఇదన్నమాట, అనుకుంది హైమవతి. అనుకుందే గానీ లోపల ఏదీ కదల్లేదు.

సయీదా కొవ్వొత్తి పుచ్చుకుని తన వత్తి వెలిగించింది. వెలిగించి, ఆగి, చుట్టూ చూసింది. నిరుడు ఆమె రాలేదు. నన్నే సాహెబు పోయి, ముస్లిం వితంతువులు పాటించే ఇద్దత్‌లో గడప దాటకుండా ఉన్న రోజులవి.

"హైమక్క ఏది శరత్ బాబూ? ఆమె లేకుండా దీపమేంటి?"

శరత్‌చంద్ర ఆమె చెవి దగ్గరికి వంగాడు గానీ చేతిలో మైకు ఆపడం మరిచిపోయాడు. "మేస్టారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు కదమ్మా. శుభమా అని దీపం పెడుతూ ఆవిణ్ణి…" అనడం హాలంతా వినబడింది.

"మరి మా ఆయనా పోయాడుగా బాబూ" అంది సయీదా. "నన్నెట్లా పిలిచావ్?"

శరత్‌చంద్ర నాలిక కరుచుకున్నాడు. కావాలని చేసింది కాదది, పాపం. నిజంగానే గుర్తు రాలేదు. సయీదా నుదుటన బొట్టు ఎన్నడూ లేదు, అందుకని మొగుడు పోయిన సంగతీ ఎవరికీ తట్టలేదు. అతని లెక్కలో ఆమె ముస్లిం మహిళ, అంతవరకే.

సయీదా జవాబు కోసం ఆగలేదు. కొవ్వొత్తితోనే మెట్లు దిగి వచ్చి, హైమవతి చెయ్యి పట్టుకుని, "లే అక్కా" అంది. హైమవతి లేచింది. పైకి నడిపిస్తే నడిచింది. శాంభవి పక్కకు జరిగితే, మిగిలిన ఆ ఒక్క వత్తినీ వెలిగించింది. చప్పట్లు మోగిపోయాయి. కింద పడ్డా పైచేయి మనదేననే రకం కదా, శరత్‌చంద్ర వెంటనే "ఇదండీ మన సమితి! ఇదండీ సామరస్యం!" అని గొంతెత్తాడు. ఫోటోలు తీశారు. హైమవతి నవ్వమన్నప్పుడు నవ్వింది. తన చోటు తనకు దక్కింది. అయినా సంతోషం రాలేదు. ఇంకెందుకు వస్తుందిలే అనుకుంది.

అందరూ కింది అంతస్తుకు భోజనాలకు దిగారు. విస్తరి ముందు కూర్చున్నాక, కళ్ళజోడు సోఫాలో మరిచిపోయానని హైమవతికి గుర్తొచ్చింది. మళ్ళీ పైకెక్కింది.

హాల్లో ఫ్యాన్లు కట్టేసి ఉన్నాయి. స్టేజీ మీద శాంభవి ఒక్కతే, ఒక చేతిలో బంతిపువ్వు, ఇంకో చేతిలో అగ్గిపెట్టెతో కుంది ముందు వంగి ఉంది. నాలుగు వత్తులు వెలుగుతున్నాయి. అయిదోది పొగ కక్కుతోంది.

"కొండెక్కిందండీ, ఆంటీ" అంది శాంభవి ఉలిక్కిపడి.

"అదే ఎక్కిందా, నువ్వెక్కించావా?"

శాంభవి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెడ్డ పిల్లేం కాదు. పూర్ణచంద్రరావు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ క్యారేజీ పంపింది ఈమే. "మీరంటే గౌరవం లేక కాదండీ. వచ్చే వారం మా అమ్మాయి నిశ్చితార్థం. ఈ దీపం ఎటూ నేను పెట్టాల్సింది కదా… భయమేసిందండీ."

హైమవతి స్టేజీ ఎక్కి కుంది వంక చూసింది. "మరి ఆ పక్కది సయీదాది. అదీ మొగుడు పోయిన చెయ్యే. దాన్ని ఆర్పలేదే?"

దాటిపోవడానికి దారి దొరికినట్టయి, శాంభవి గబగబా అంది. "అబ్బే, వాళ్ళది మనకి తగలదండీ. వాళ్ళ లెక్క వేరు కదా."

వెనక అడుగుల చప్పుడైంది. హైమవతి కింద విస్తరి వదిలేసి వచ్చిందని, సయీదా ప్లేటులో పులిహోర పెట్టుకుని పైకి వచ్చింది. అంతా వింది. ప్లేటు సోఫా మీద పెట్టి, నింపాదిగా స్టేజీ ఎక్కింది.

"దోషంలో కూడా నన్ను కలుపుకోరామ్మా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. "అన్నిట్లో కలిసే ఉన్నామని ఇంతసేపూ మైకులో అన్నారు. నాదీ ఆర్పు."

శాంభవి బంతిపువ్వు వెనక్కి దాచుకుంది. కింద ఎవరో బిర్యానీ ఇంకొంచెం వడ్డించమని కేకేస్తున్నారు.

సయీదా చెయ్యి చాపి, వెలుగుతున్న తన వత్తిని రెండు వేళ్ళతో నలిపేసింది.

"అయ్యో పిచ్చిదానా!" అని అరిచింది హైమవతి. ఆ అరుపు తనదేనని ఆమెకే నమ్మకం కలగలేదు. హైమవతి సయీదా వేళ్ళు లాక్కుని తన చీర చెంగులో పట్టుకుంది. ఇన్ని నెలలూ ఎక్కడ దాక్కుందో గానీ, ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. శాంభవి చూస్తుందని గానీ, అది శుభకార్యం జరిగిన స్టేజీ అని గానీ చూసుకోకుండా, బావురుమంది.

"కాలిందా?" అంది వెక్కుతూనే.

"కాలిందక్కా" అంది సయీదా.