మిరపగోతాల గదిలో పాట

నరసరావుపేటలో పాట రికార్డు చేయించుకోవాలంటే ఒకప్పుడు జానకిరామయ్య మాస్టారింటికే రావాలి. ఆయన హార్మోనియం మాస్టారు. నాటకాల వాళ్ళకు పద్యాలకు బాణీలు కట్టిపెట్టీ, పిల్లలకు స్వరాలు చెప్పీ బతికిన మనిషి. ముందు గది నాలుగు గోడలకూ బొంతలు వేలాడదీసి, మధ్యలో ఒక స్పూల్ టేప్ రికార్డరూ, ఒక మైకూ పెట్టుకున్నారు. ఆ బొంతలు కుట్టింది ఆయన భార్య. ఆమె పోయాక ఆ గదిలో కూర్చుంటే బజారు మోత మెత్తబడి ఎక్కడో దూరంగా వినిపించేది. ఆ మాత్రం నెమ్మదికే ఆయన రోజూ కాసేపు అక్కడ కూర్చునేవారు.

శివరాత్రి దగ్గర పడితే మాత్రం ఆ గదికి తీరిక ఉండేది కాదు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఎత్తైన ప్రభలు కట్టి కోటప్పకొండకు ఊరేగిస్తాయి. ప్రభకు మైకు కట్టాక దారి పొడవునా తమ పాటే మోగాలని ప్రతి ఊరికీ పంతం. ఆ పాటలు పాడేవాళ్ళలో ఆదెమ్మ గొంతంటే మాస్టారికి ప్రాణం. కలుపు తీసి, కోతలు కోసి వచ్చిన గొంతది. మొదట్లో గరుగ్గా ఉండి, పైకి పోయేకొద్దీ నున్నబడేది. ఏటా ఆమె పాట ఆయన గదిలోనే టేపుకెక్కేది.

ఆ ఏడు ఆదెమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఈసారి మా ఊరోళ్ళు మైకుసెట్టు నూరు కాడ పాడమంటన్నారు మాస్టారూ. మద్రాసు నించి ఏందో మిసను తెచ్చాడంట. మీరు మనసులో పెట్టుకోమాకండి."

"నాకేముందమ్మా. పాడు."

"హార్మోనియం పెట్టె మాత్రం మీరే వాయించాల. మాస్టారు వాయించకపోతే నేను పాడనని వాళ్ళకి చెప్పే వచ్చా."

మాస్టారు నవ్వి పంపించారు. ఆమె వెళ్ళాక టేప్ రికార్డరు మీద గుడ్డ కప్పి, గది తలుపు మూసేశారు.

నూర్ మొహమ్మద్ పెళ్ళిళ్ళకు మైకుసెట్టు అద్దెకిచ్చే మనిషి. పాడే మనిషికి మైకు ఎంత దూరంలో పెట్టాలో, శ్వాస మైకులో పడకుండా ఎలా తిప్పాలో, అన్నీ ఈ గదిలో కూర్చుని మాస్టారి దగ్గరే నేర్చుకున్నాడు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు మిషను తెచ్చుకుని ఉంటే కడుపు ఇంత మండేది కాదు.

మర్నాడు నూరే స్కూటరేసుకుని వచ్చాడు.

"మాస్టారూ, ఒకసారి మీ చెవి కావాల. మద్రాసు షాపాయన గొంతూ వాయిద్యం కలిపే మిక్సర్లు రెండు ఇచ్చాడు. వాడి చూసి ఒకటి ఉంచుకుని ఒకటి పంపమన్నాడు. ఒకదాన్లో ఎకో ఉంది. రెండోది ఉత్తది. నాకు రెండూ ఒకటిగానే ఉన్నయ్. మీరు ఏదంటే అది."

పోకూడదనుకుంటూనే మాస్టారు హార్మోనియం పట్టుకుని స్కూటరెక్కారు.

నూరు ఇల్లు మిరపకాయల గోడౌన్ల వెనక సందులో ఉంది. వెనక గదిలో కొత్త బల్ల మీద రెండు మిక్సర్లూ, పక్కనే క్యాసెట్ డెక్కూ పెట్టి ఉన్నాయి. వరసగా బొత్తాలు, ఎర్రగా వెలిగే చిన్న దీపాలు. మాస్టారు వాటి వంక ఒక్కసారి చూసి, చూడనట్టు గోడల వైపు తిరిగారు. గోడలనిండా గోనె పట్టాలు మేకులు కొట్టి ఉన్నాయి.

"గది మోగకుండా నేనే కొట్టా. గోడౌనోళ్ళు పాత గోతాలు ఇచ్చారు. బాగుందా?" అన్నాడు నూరు.

మాస్టారి గొంతులో ఏదో గీరినట్టయింది. దగ్గొచ్చింది. గోనె కుట్లలో ఎర్రటి దుమ్ము, అక్కడక్కడా మిరపగింజలు కనిపించాయి.

"ఏంది మాస్టారూ, ఒంట్లో బాలేదా?"

"జలుబు," అన్నారు ఆయన.

నూరు మాత్రం గుండెల నిండా గాలి పీలుస్తూ తిరుగుతున్నాడు. మిరపకాయలు ఆరబోసిన సందులో పుట్టి పెరిగినవాడు. భార్య బషీరున్నీసా ఏడాదిలో సగం రోజులు తొడిమలు తీస్తూనే ఉంటుంది. వాళ్ళ ముక్కులకు ఆ ఘాటు తెలియదు. రేపు ఆదెమ్మ ఇక్కడ నిలబడి ఊపిరి తీసుకుని పాడాలి. ఆ మాట చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచి, ఆ ఎర్ర దీపాల వంక చూసి, మాస్టారు మళ్ళీ మూసుకున్నారు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని హార్మోనియం వాయిస్తూ రెండూ విన్నారు. ఎకో ఉన్నదాంట్లో ఒక స్వరం పోకముందే ఇంకోటి వచ్చి మీద పడి, బావిలోంచి మోగినట్టుంది. ఉత్తదాంట్లో తన పెట్టె తిత్తి గాలి పీల్చడం కూడా విడిగా వినిపించింది. తన వాయిద్యాన్ని తాను అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. ఆదెమ్మ గొంతు ఇందులో ఎలా ఉంటుందో అనుకోగానే అసూయ పుట్టి, హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేశారు.

"ఎకో ఉన్నదే ఉంచుకో. జనానికి అదే కావాల," అన్నారు.

నూరు కొంచెంసేపు ఆయన మొహం వంక చూశాడు. "అంతేనంటారా?"

"అంతే."

వెళ్ళబోతుంటే బషీరున్నీసా గ్లాసు తెచ్చింది. "జలుబన్నారంట గదా భయ్యా. అల్లం, మిరియాలు వేసి కాశా. వేడిగా తాగండి." మాస్టారు తల వంచుకుని చివరిదాకా తాగారు.

రికార్డింగు నాడు ఆదెమ్మ స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని వచ్చింది. మొదటి చరణం ఎత్తుకుంది. పైకి పోవడానికి ఊపిరి తీయగానే దగ్గింది. నీళ్ళు తాగి మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి కళ్ళవెంట నీళ్ళు కారాయి. మూడోసారి గొంతే లేదు.

"స్వామికి కోపమొచ్చినట్టుంది. ఏటా పాడే చోటు మార్చాగా," అంది బొంగురుగా. "ఈ ఏడు కొండకి నా పాట పోదేమో మాస్టారూ."

"మిసను ఏం చేసుద్దమ్మా," అన్నాడు నూరు.

"గొంతు బాగయ్యాక మీ ఇంట్లోనే పాడతా మాస్టారూ. మావోళ్ళకి నేను చెప్పుకుంటా."

కోరుకున్నది చేతికొచ్చింది. మాస్టారు తేలిగ్గా నడుచుకుంటూ ఇల్లు చేరారు. టేప్ రికార్డరు తుడిచి, నిరుటి ఆదెమ్మ పాట పెట్టుకున్నారు. గొంతు పైకెక్కిన చోటల్లా టేపు నెమ్మదించి, స్వరం కిందికి జారుతోంది. లోపల టేపును తిప్పే బెల్టు సాగిపోయింది. ఆ మిషనుకు బెల్టులు దొరకడం మానేసి చాలాకాలమైంది. ఈ సంగతి ఏడాదిగా తెలుసు. ఎవరూ అనలేదు కాబట్టి తానూ అనుకోలేదు.

పాట ఆపి కూర్చున్నారు. ఆదెమ్మ పాట తన దగ్గర ఉండాలా, బాగా ఉండాలా? జవాబు తెలుస్తూనే ఉంది. అది ఆయనకు ఏమాత్రం నచ్చలేదు. చాలాసేపటికి ముక్కాలిపీట ఎక్కి, గోడల మీది బొంతలు ఒక్కొక్కటే దించారు.

తెల్లవారాక రిక్షాలో బొంతలు వేసుకుని నూరు ఇంటికి వెళ్ళి, వాటిని వెనక గదిలో దించారు.

"ఇయ్యేంది మాస్టారూ?"

"ఆ గోతాలు పీకెయ్. వాటినిండా మిరప ఘాటు. నీకు తెలియదు, నువ్వు పుట్టిందే అందులో. ఆదెమ్మ గొంతు పట్టేసింది దాంతోనే. నాకు ఆ రోజే తెలుసు నూరూ. మిక్సరు సంగతీ అంతే. ఉత్తది ఉంచుకో, ఎకోది పంపించెయ్. అదీ ఆ రోజే తెలుసు."

నూరు గోడ మీది మేకు ఒకటి పట్టుకుని ఊడలాగసాగాడు.

"ఆ రోజు మీకు జలుబుగా," అన్నాడు. "జలుబు చేస్తే చెవులు దిబ్బళ్ళు పడతయ్. ఏం వినబడుద్ది?"

"జలుబు కాదురా..."

"జలుబే మాస్టారూ. మా ఇంటామె కషాయం కూడా కాసిచ్చింది." ఆ మాట అంటున్నప్పుడు నూరు ఆయన మొహం వంక చూడలేదు. మేకు ఊడొచ్చాక అన్నాడు, "ఎకోది ఉంచుకోమన్నారు గానీ రెండోది ఇంకా పంపలా. మీకు తగ్గాక మళ్ళీ అడుగుదామని ఆగా."

ఇద్దరూ కలిసి గోతాలు పీకారు. బషీరున్నీసా గది కడిగింది. ఎండిన గోడలకు బొంతలు కట్టారు. తన ఇంటి బొంతలు ఆ మిషను చుట్టూ అంత అందంగా కుదరడం చూసి మాస్టారికి మళ్ళీ ఒకసారి కడుపు మండింది. ఈసారి మాత్రం పైకి అనేశారు.

"నా గదికంటే నీ గదే బాగుందిరా."

"బొంతలు మీయేగా," అన్నాడు నూరు.

గొంతు కుదుటపడ్డాక ఆదెమ్మ పాడింది. అంత బాగా ఆయన గదిలో ఎన్నడూ పాడలేదు. రెండో చరణానికీ మూడో చరణానికీ నడుమ, ఏ మూల మిగిలిన దుమ్మో, మాస్టారికి చిన్న దగ్గొచ్చింది. ఎంత ఆపుకున్నా టేపులో పడింది. మళ్ళీ పాడిద్దామన్నారు ఆయన. నూరు ఒప్పుకోలేదు. "ఈ పాట మళ్ళీ ఇట్లా రాదు. ఉండనీయండి."

శివరాత్రి నాడు ఆదెమ్మ ఊరి ప్రభ కొండ దారి పట్టింది. మైకులో ఆమె గొంతు దుమ్ము మీదుగా, జనం మీదుగా సాగిపోతోంది. మాస్టారి పక్కన నడిచే రైతు ఒకాయన, "నూరు రికార్డింగంట. ఎట్టా తీశాడో చూడు," అన్నాడు వెనకాయనతో. మాస్టారు రెండడుగులు పక్కకు జరిగి నడిచారు. రెండో చరణం అయింది. ఆయన చెవి రిక్కించారు. డప్పుల మోతలో ఎవరూ పట్టించుకోలేదు గానీ, ఎత్తైన ప్రభ మీది మైకులోంచి సన్నగా ఒక దగ్గు వినిపించి, మూడో చరణం మొదలైంది.

కొంచెం ముందు నడుస్తున్న నూరు వెనక్కి తిరిగి జనంలో ఎవరికోసమో వెతుకుతున్నాడు. మాస్టారు చెయ్యెత్తారు.