అత్తగారిని వెతికే అల్లుడు

తిరిగొచ్చిన పుస్తకాల బండిని తోసుకుంటూ లైబ్రరీలో పనిచేసే సరోజన చరిత్ర విభాగంలోకి వచ్చేసరికి, డాక్టర్ కాశీవిశ్వనాథం కిటికీ పక్క కంప్యూటర్ ముందు వంగి కూర్చుని ఉన్నాడు. బయట, ఈ చలిదేశపు హామిల్టన్ వీధుల మీద మురికి మంచు. ఎనభై దాటిన మనిషి. నిరుడు భార్య నోరా పోయినప్పటి నుంచి, ఆమె తల్లి అడా చిన్నతనం ఎక్కడ గడిచిందో తెలుసుకోవాలని పాత జనాభా లెక్కలు తిరగేస్తున్నాడు.

"అల్లుడుగారి దర్యాప్తు ఎందాకా వచ్చింది?" బండి మీది పుస్తకాలు సర్దుతూ అడిగింది సరోజన.

"మా అత్తగారి పుట్టింటి పేరు పైక్. ఆ ఇంటిపేరున్న వాళ్ల ఇళ్లన్నీ అయిపోయాయమ్మా. పెళ్లికాని పిల్ల తండ్రి ఇంట్లో కాక ఎక్కడుంటుంది?"

ఎక్కడుందో సరోజనకు తెలుసు. పోయిన వారం ఇంకెవరి తాతనో వెతుకుతుంటే కళ్లబడింది. 1921 లెక్కల్లో, ఒక మిల్లు యజమాని కుటుంబం పేర్ల అడుగున: అడా పైక్, పద్నాలుగేళ్లు, పనిమనిషి.

చెబుదామని నోరు తెరిచింది. అంతలోనే మూసేసుకుంది.

సరోజన తల్లీ పనిమనిషే. ఖమ్మంలో ఒక వకీలు ఇంట్లో అంట్లు తోమేది. జనాభా లెక్కలవాళ్లు వచ్చిన రోజున వకీలు భార్య, అది మా మనిషి కాదు పొమ్మంది. గుడిసెకు వెళ్తే తాళం. ఏ లెక్కలోకీ రాలేదని తల్లి నవ్వుతూ చెప్పేది. సరోజనకు ఎన్నడూ నవ్వు రాలేదు. ఇక్కడేమో పనిపిల్లకూ పేరుంది, వయసుంది, తనకంటూ ఒక వరుస ఉంది. పైగా కళ్లు కాయలు కాసేలా వెతికే అల్లుడు! తన భర్త కోదండరామ్‌కు అత్తగారి పేరు గుర్తుందో లేదో అనుమానమే.

అన్నీ వీళ్లకే దొరకాలా? వెతకనీ, ఇంకొన్నాళ్లు వెతకనీ.

మధ్యాహ్నం ఆ బల్ల పక్కనుంచి పోతుంటే ఆయనే పిలిచాడు.

"మీ అమ్మగారి పేరేంటమ్మా?"

"ఎందుకు సార్?"

"మా అత్తగారి గొడవతో ఇన్నాళ్లూ నీ బుర్ర తిన్నాను. నీవాళ్ల సంగతి ఒక్కనాడూ అడగలేదు."

"లక్ష్మమ్మ."

"లక్ష్మమ్మగారు," అన్నాడాయన, మనిషి ఎదురుగా ఉన్నట్టు కాస్త తలవంచి.

ఆ పేరు పక్కన గారు అన్న మాట సరోజన అంతకుముందు వినలేదు. వెనక గదిలోకి నడిచి, ఆ పేజీ తెరిచి ప్రింటు తీసింది. మెషిన్ ఒక్కో గీతా కక్కుతుంటే కాలు నిలవలేదు.

"డాక్టర్‌గారూ, దొరికింది."

ఆయన గడ్డం ఛాతీ మీద వాలి ఉంది. చెయ్యి మౌస్ మీదే ఉంది. భుజం తట్టింది. మళ్లీ తట్టింది.

అంబులెన్సు వాళ్లు చప్పుడు చెయ్యకుండా వచ్చి, నాడి చూసి, తలలు అడ్డంగా ఊపి, స్ట్రెచర్ దించారు. ఒక్క నిమిషం అని సరోజన ముందుకొచ్చి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన కోటు జేబులో దోపింది. ముందే చెప్పాల్సింది సార్ అని గొణిగింది. ఎవరికీ వినబడలేదు.

తర్వాత గదిలోని బల్లలన్నీ తుడిచింది. కిటికీ పక్కది మాత్రం తుడవలేకపోయింది. దాని మీద ఫ్లాస్కు మూతలో సగం తాగిన కాఫీ, పైన పల్చగా మీగడ కడుతూ ఉంది.